పాట కింద నాలుగు పేర్లు

మా మేనల్లుడి బ్యాండు తొలి పాట రికార్డింగు ఎప్పుడో అయిపోయింది. మిక్సింగూ అయింది. పాట మాత్రం ఇంకా బయటికి రాలేదు. ఆన్‌లైన్‌లో పెట్టేముందు నింపాల్సిన ఫారంలో రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు అని రెండు గడులున్నాయి. నలుగురూ అక్కడ ఆగిపోయారు.

సాహిత్యం మావాడిది. అందులో తకరారు లేదు. బాణీ మొదట కూనిరాగంగా తీసిందీ వాడే. కాబట్టి రెండు గడుల్లోనూ తన పేరే ఉండాలన్నాడు. తన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) తీసేస్తే అందులో మిగిలేదేముందని గిటారిస్టు అడిగాడు. బేసిస్టు ఏమీ అనలేదు. బేసిస్టులు మామూలుగా ఏమీ అనరు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన డ్రమ్మరు మాత్రం, "అట్లయితే నాకు రోజుకూలి ఇచ్చేయండి, వాయించి పోతా" అన్నాడట. ఆ మాట పడ్డాక ఎవరూ జామ్ ప్యాడ్ (సాధన చేసే గది) వైపు వెళ్లలేదు.

పంచాయితీ నా దగ్గరికి వచ్చింది. నేనేమీ సంగీతం తెలిసినవాణ్ని కాదు. బెంగుళూరులో ఉన్న మా బంధువుల్లో ఆ పిల్లల్ని "ఉద్యోగం సంగతేంటి" అని అడగని పెద్దమనిషిని నేనొక్కణ్నే, అంతే. నాలుగు పేర్లూ వేయండి, రెండు గడుల్లోనూ వేయండి, వాటాలు సమానంగా రాసుకోండి అని చెప్పాను. ఆ రాత్రే అనంతపురం నుంచి మా అక్క ఫోను.

"ఏం రా, రాత్రుల్లు రాత్రుల్లు మేలుకొని రాసింది మనోడు. పేరేమో నలుగురికీ పంచమంటావా? నువ్వు మామవా, పగోనివా? బుర్రకథ చెప్పేటోనికి పేరొస్తాదా, వంతలకొస్తాదా?"

వంతల మాట దగ్గర నేను కాసేపు నోరు మూసుకోవాల్సి వచ్చింది. నాజర్ పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన డక్కీ వాయించినవాళ్ల పేర్లు చెప్పమంటే నేనూ చెప్పలేను. అయినా నా తీర్పు మార్చుకోలేదు. ఎందుకు మార్చుకోలేదో ఫోన్లో చెప్పేంత ఓపిక అక్కకు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా వాదనకు ఆధారం ఆర్‌.ఈ.ఎం. అనే అమెరికన్ రాక్ బ్యాండు.

బెర్రీ, బక్, మిల్స్, స్టైప్

బెంగుళూరులో ఆర్‌.ఈ.ఎం. గురించి మాట్లాడేందుకు మనిషి దొరకడం కష్టం. ఇది హెవీ మెటల్ సంగీతపు ఊరు. 2011 సెప్టెంబరు 21న ఆ బ్యాండు ఇక చాలించామని ప్రకటించింది. ఆ తర్వాతి నెల 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీ. ఆ ఐదారు వారాలూ నా స్నేహితులందరూ రెండోదాని టిక్కెట్ల గొడవలోనే ఉన్నారు. మొదటి వార్త చెబితే "ఎవరూ, ఆ మాండలిన్ పాటవాళ్లా?" అన్నాడొకడు. ఆ మాండలిన్ పాట, అంటే లూజింగ్ మై రెలిజియన్, వీడియో తీసింది మన జలంధర్ మనిషి తర్సేమ్ సింగ్ అని చెబితే అప్పుడు కాస్త ఆసక్తి చూపించాడు.

1980 ఏప్రిల్ 5న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ అనే కాలేజీ ఊళ్లో, ఒక పాత చర్చిలో జరిగిన స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో వాళ్ల తొలి కచేరీ. అప్పటి నుంచి 31 ఏళ్లు, 15 స్టూడియో ఆల్బములు. వ్యాన్లో ఊరూరూ తిరిగి, కాలేజీ రేడియోల దయతో బతికిన బ్యాండు, 1991లో తమ ఆల్బము ఔట్ ఆఫ్ టైమ్‌తో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆల్బము అట్టల మీద చిన్న అక్షరాల్లో ఉండే వరుస: బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. దాదాపు ప్రతి సొంత పాట కిందా అవే నాలుగు పేర్లు, అక్షరక్రమంలో. ఆ క్రమం పుణ్యమా అని డ్రమ్మరు పేరు అందరికంటే ముందు వచ్చింది. పాడేవాడు చివర.

మాటలు రాసేది స్టైప్ ఒక్కడే అని లోకానికంతా తెలుసు. సంగీత వ్యాపారంలో అలవాటు ప్రకారం పాటలో సగం మాటలవాడిది, సగం బాణీవాడిది. ఆ లెక్కన స్టైప్ ప్రతి పాటలో సగం అడగొచ్చు. అడగలేదు. నలుగురిలో ఎవరికి ఏది నచ్చకపోయినా ఆ పని ఆగిపోవాలనే కట్టుబాటు కూడా వాళ్లకుండేది. డబ్బులో సమానం, మాటలో సమానం.

1983లో వచ్చిన తొలి ఆల్బము మర్మర్ వినండి. స్టైప్ ఏమంటున్నాడో సగం అర్థం కాదు. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకే అర్థం కాలేదు, ఇక తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకేం అర్థమవుతుంది! అయినా ఆ ఏడాది రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు మైకేల్ జాక్సన్ థ్రిల్లర్‌ని పక్కనపెట్టి దీన్ని ఉత్తమ ఆల్బముగా ఎంచారు. అక్కడ గొంతు నాలుగు వాయిద్యాల్లో ఒకటి, మిగతావాటితో పాటు మోగుతుంది. మాటలే వినపడని చోట మాటలకు సగం వాటా అని ఎవరు లెక్క కడతారు?

ఇంకా కష్టమైన లెక్కలున్నాయి. 1984 నాటి రెకనింగ్‌లోని రాక్‌విల్ పాట బేసిస్టు మైక్ మిల్స్‌ది. 1992లో వచ్చిన ఎవ్రిబడీ హర్ట్స్ పాటకు మూలం చాలావరకు డ్రమ్మరు బిల్ బెర్రీ. ఆ రికార్డులో మాత్రం చాలావరకు తాళం వేసింది ఒక చవకరకం డ్రమ్ మెషీన్. డ్రమ్మరు పాట కట్టాడు, డ్రమ్ములు మాత్రం దాదాపు వాయించలేదు! ఆ రోజుల్లో వాళ్లు వాయిద్యాలు మార్చుకునేవాళ్లు. గిటారిస్టు పీటర్ బక్ మాండలిన్ పట్టుకునేవాడు, బెర్రీ బేస్ వాయించేవాడు, మిల్స్ కీబోర్డు ముందు కూర్చునేవాడు. వాటా పోతుందన్న భయం ఉన్న గదిలో ఎవడైనా తన వాయిద్యం వదిలి పక్కవాడిది ముట్టుకుంటాడా? నాకు అనుమానమే. సమాన వాటా అనగానే అందరూ డబ్బు పంచుకోవడం గురించి మాట్లాడతారు. ఏ పాట ఎవరు తెచ్చినా అది మనదే కాబట్టి మంచిది నిలుస్తుంది, నాసిది పోతుంది. దాని అసలు లాభం అదే. నా పాట, నీ పాట అని విడిపోయిన బ్యాండులో ఆల్బములో ఎవరివి ఎన్ని ఉండాలన్న బేరం మొదలవుతుంది. ఆ బేరంలో నాసి పాటలు కూడా కోటా మీద లోపలికి వచ్చేస్తాయి.

రాజాగారి సంగతి వేరు

ఇక్కడ తెలుగువాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని 2017లో బాలుగారికి ఇళయరాజా నోటీసు పంపినప్పుడు నేను ఎటువైపు?

రాజాగారి వైపే. బాలుగారి గొంతు లేని బాల్యం నాకు లేదు. అయినా అంతే. రాజాగారు కాగితం మీద ప్రతి వాయిద్యానికీ ప్రతి స్వరం రాసి ఇస్తారు. వయొలిన్ల వరుసలో ఆఖరి కుర్చీలో ఉన్నవాడు ఏం వాయించాలో, ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. అలాంటి చోట పాట కింద ఒక పేరు ఉండటం న్యాయం. కోడంబాక్కం స్టూడియోల్లో కాల్షీటు లెక్కన వాయించిన మహానుభావుల పేర్లు క్యాసెట్ అట్ట మీద లేకపోవడం అన్యాయం, నిజమే. వాళ్ల పేర్లు వాయించినవారిగా ఉండాలి. పాట కట్టినవారిగా కాదు.

రాక్ బ్యాండులో ఆ కాగితం ఉండదు. గది ఉంటుంది. మావాళ్ల గది బీటీఎం లేఔట్‌లో ఒక కిరాణా కొట్టు కింద, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన సెల్లారు. తగవు రాకముందు ఒకసారి అక్కడ కూర్చున్నాను. ఇదే పాట. రెండో చరణంలో డ్రమ్మరు ఉన్నట్టుండి కిక్కూ స్నేరూ ఆపేసి, అంచు మీద కర్రతో టక్ టక్ మనిపిస్తూ ఉండిపోయాడు. కింద ఆసరా పోయేసరికి మావాడు కంగారుపడి, పాదం చివరి అక్షరాన్ని లాగి, ఇంకో స్వరం పైకి తీసుకెళ్లి దించాడు. గిటారిస్టు నవ్వి "ఇదే ఉంచు" అన్నాడు. ఇప్పుడు ఆ పాటలో అందరికీ గుర్తుండే చోటు అదే. ఆ స్వరం పాడింది మావాడు. పాడించింది ఎవరు?

ఇది అక్కకు చెప్పాను. "వాడు ఆపేసినందుకు వానికి పావు వంతా!" అంది. హాస్యం అక్కడితో ఆగలేదు కానీ, ఆమె మాటలో ఒక నిజం ఉంది. గదిలో కూర్చున్న ప్రతివాడూ ప్రతి పాటకూ ఏదో ఒకటి ఇస్తాడన్న హామీ లేదు. ఫోను చూసుకుంటూ కూర్చుని, మూలస్వరాలు (రూట్ నోట్లు) మాత్రం వాయించి ఇంటికి పోయే బేసిస్టులను నేను చూశాను. వాళ్లకు పావు వంతు ఇవ్వడం కష్టపడేవాడి కడుపు కొట్టడమే. నిజంగా ఒక్కడే అన్నీ చేసే బ్యాండులూ ఉన్నాయి. అలాంటి చోట సమానం అనేది మొహమాటపు అబద్ధం అవుతుంది. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. వాటా ఇవ్వదగనివాణ్ని బ్యాండులో ఎందుకు ఉంచుకున్నారు, జీతానికి పెట్టుకోకుండా అని అడగగలను. అది నిష్ఠురంగా ఉంటుందని తెలుసు.

డబ్బు వచ్చాక రాసుకునే కాగితం

"వచ్చేదెంతని ఈ గొడవ?" అని మా బావ అడిగాడు. నిజమే, ఒక తెలుగు రాక్ పాట మీద బెంగుళూరు కుర్రాళ్లకు వచ్చే డబ్బుతో నలుగురూ కలిసి దోసెలు తిని కాఫీ తాగితే సరిపోతుంది. ఇక్కడి పబ్బులు అడిగేది కవర్లే, అంటే వేరేవాళ్ల పాటలే. సొంత పాటలు, అవీ తెలుగులో అంటే, మేనేజరు మర్యాదగా మంగళవారం రాత్రి ఇస్తాడు.

అయితే ఈ కాగితం రాసుకోవాల్సింది ఏమీ లేనప్పుడే. 1991లో నెవర్‌మైండ్ అనే ఆల్బము ఎవరూ ఊహించనంతగా అమ్ముడుపోయాక, అంతవరకు సమానంగా ఉన్న వాటాలను నిర్వాణ బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ తిరగరాయించాడు. పైగా పాత తేదీ నుంచి వర్తించేలా. పాటలు ప్రధానంగా అతనివే కాబట్టి కొత్త లెక్క తప్పని నేననను. కానీ ఆట మధ్యలో నియమం మారిస్తే మిగతా ఇద్దరికీ ఎలా ఉంటుంది? ఆ ఘర్షణలో బ్యాండు విడిపోయే దాకా వచ్చింది.

స్మిత్స్ కథ ఇంకా ఘోరం. 1982లో మాంచెస్టర్‌లో మొదలై, 1987కల్లా నాలుగు ఆల్బములతో ముగిసిన బ్యాండు. పాటలు కట్టింది మొరిస్సీ, జానీ మార్ అన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ రికార్డుల మీద, కచేరీల మీద వచ్చిన డబ్బు గురించి. ఆ ఇద్దరూ చెరో 40 శాతం తీసుకుని, బేసిస్టు ఆండీ రూర్క్‌కీ డ్రమ్మరు మైక్ జాయిస్‌కీ చెరో 10 శాతం ఇచ్చారు. రాతకోతలు లేవు. జాయిస్ కోర్టుకెళ్లాడు. లిఖిత ఒప్పందం లేని భాగస్వామ్యంలో లాభాలు సమానమేనంటుంది 1890 నాటి బ్రిటిష్ చట్టం. 1996 డిసెంబరులో తీర్పు జాయిస్‌కి అనుకూలంగా, పావు వంతు లెక్కన వచ్చింది. రూర్క్ మాత్రం అప్పటికే డబ్బు అవసరంతో 83,000 పౌండ్లకు రాజీపడిపోయాడు. ఆ తర్వాత ఆ నలుగురూ మళ్లీ ఒక వేదిక ఎక్కలేదు. 2023లో రూర్క్ పోయాడు కాబట్టి ఇక ఎక్కలేరు కూడా.

మన 1932 భాగస్వామ్య చట్టం కూడా ఆ మాటే అంటుంది: వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం. ఇది చెప్పగానే మావాడి ముఖం మారింది. వాడు న్యాయం గురించి ఆలోచిస్తున్నాడు, నేను అప్పటికి కోర్టు గురించి ఆలోచిస్తున్నాను. పెద్దవాళ్లమయ్యేకొద్దీ ఇంతేనేమో.

డ్రమ్మరు వెళ్లిపోయిన తీరు

సమాన వాటా బ్యాండును కలిపి ఉంచుతుందని చాలామంది అంటారు. నేను దానికంటే పెద్ద గుణంగా చూసేది, అది మనిషిని సజావుగా వెళ్లిపోనిస్తుంది.

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కచేరీ మధ్యలో బిల్ బెర్రీ తల పట్టుకుని డ్రమ్ముల వెనక నుంచి లేచిపోయాడు. మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లింది. శస్త్రచికిత్స తర్వాత కోలుకుని అదే టూర్‌లో మళ్లీ వాయించాడు. ఆ వేసవిలోనే మిల్స్‌కి పేగుల ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా. అయినా ఆ పర్యటన పూర్తిచేశారు. 1996లో వార్నర్ సంస్థతో కొత్త ఒప్పందం. దాని విలువ 8 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1997 అక్టోబరులో, బెర్రీ తాను వెళ్లిపోతున్నానన్నాడు. వాయించాలన్న కోరిక పోయింది, పొలం చూసుకుంటానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు: నా వల్ల బ్యాండు ఆగిపోయేట్టయితే నేను వెళ్లను.

అంత పెద్ద ఒప్పందం మీద సంతకాలైన ఏడాదికి ఒక సభ్యుడు తప్పుకుంటే మామూలుగా లాయర్లకు పండగ. ఇక్కడ దావా లేదు, పత్రికల్లో ఒకరినొకరు తిట్టుకోవడం లేదు. పాత పాటల్లో అతని పావు వంతు అతనిదే. అది లాక్కునే దారి ఎవరికీ లేదు, నిరూపించుకోవాల్సిన అవసరం అతనికీ లేదు. ఎవరు ఏ పాట కట్టారన్న తవ్వకాలే అక్కర్లేదు. పొలానికి వెళ్లిపోయాడు.

ఇక్కడ నా వాదనలో ఒక చిల్లు ఉంది. సమాన వాటా స్నేహాన్ని కాపాడింది, సంగీతాన్ని కాపాడలేదు. బెర్రీ వెళ్లాక వచ్చిన ఐదు ఆల్బముల్లో 1998 నాటి అప్ నాకు ప్రాణం. 2004 నాటి ఎరౌండ్ ద సన్ మాత్రం రెండోసారి పూర్తిగా వినలేదు. పీటర్ బక్ కూడా తర్వాత ఆ రికార్డు గురించి దాదాపు అదే అన్నాడు: విసుగెత్తిపోయిన మనుషుల వాయింపులా ఉందని. ఎవరికి నచ్చకపోయినా ఆపేసే హక్కు అందరికీ ఉన్నచోట, ఎవరికీ నచ్చనిది ఎలా బయటికొచ్చింది? మంచివాళ్లు ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఊరుకుంటారు. కొట్లాడుకునే బ్యాండులో ఆ రికార్డు వచ్చి ఉండేది కాదేమో. స్మిత్స్‌కి చెడ్డ ఆల్బము లేదు మరి.

అయినా నన్ను ఎన్నుకోమంటే ఆర్‌.ఈ.ఎం. జీవితాన్నే ఎన్నుకుంటాను. 2024 జూన్ 13న న్యూయార్క్‌లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఆ బ్యాండును చేర్చుకున్నారు. రాక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 2007లోనే వెళ్లారు, అది వేరు. ఇది పాట కట్టేవాళ్లది. అందులోకి గాయకుడితో పాటు బేసిస్టూ డ్రమ్మరూ రచయితలుగా వెళ్లారు. నలుగురూ కలిసి ఆ మాండలిన్ పాట వాయించారు. మళ్లీ కలవాలంటే ఏం జరగాలని అదే రోజుల్లో టీవీవాళ్లు అడిగితే, తోకచుక్క రావాలన్నాడు మిల్స్. పాత బాకీలేవీ లేనివాళ్లే అలా నవ్వుతూ వద్దనగలరు.

గీతకు అవతల

మావాళ్లు ఫారం నింపారు. నాలుగు పేర్లూ ఉన్నాయి. అక్షరక్రమంలో మావాడు మూడోవాడయ్యాడు. నాలుగు ముక్కల కాగితం కూడా రాసుకున్నారు: వెళ్లిపోయినవాడికి పాత పాటల్లో వాటా ఉంటుంది, కొత్తవాటిలో ఉండదు. నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం మీద రాస్తుంటే నేనే ఆపి, స్టాంపు పేపరు తెమ్మన్నాను.

కానీ నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. బెర్రీ తర్వాత ఆర్‌.ఈ.ఎం. కొత్త డ్రమ్మరును బ్యాండులో చేర్చుకోలేదు. బిల్ రీఫ్లిన్ అనే ఆయన 2003 నుంచి 2011లో అంతా ముగిసేదాకా వాళ్లతో వాయించాడు, రికార్డుల్లోనూ వేదికల మీదా. గిటారూ కీబోర్డూ వాయించే స్కాట్ మెకాహీ 1994 నుంచీ ఉన్నాడు. పాటల కింద మాత్రం ముగ్గురి పేర్లే. వాళ్లకు బాగానే చెల్లించి ఉంటారు, వాళ్లు తెలిసే ఒప్పుకున్నారు. అయినా ఆ గదిలో ఎనిమిదేళ్లు కూర్చున్న డ్రమ్మరు ఒక్కసారైనా ఎక్కడో వాయించడం ఆపేసి, గాయకుడి చేత కొత్త స్వరం పాడించకుండా ఉన్నాడా? నా వాదన నిజమైతే ఆయనకూ వాటా రావాలి. రాలేదు. నలుగురి మధ్య సమానం అంటే ఆ నలుగురి చుట్టూ ఒక గీత గీసుకోవడం కూడానా? బయట నిలబడ్డవాడికి మొరిస్సీ అయినా స్టైప్ అయినా ఒకటేనా? కాదనుకుంటాను. ముందే చెప్పి జీతానికి పిలవడం వేరు, తోడుగా మొదలైనవాణ్ని మధ్యలో కూలివాణ్ని చేయడం వేరు. ఈ తేడా మీద నాకున్న నమ్మకం ముందున్నంత గట్టిగా మాత్రం లేదు.

పోయిన ఆదివారం మావాడు భోజనానికి వచ్చినప్పుడు చెప్పాడు, రెండో పాటకు కీబోర్డు కావాలట. కోరమంగలలో ఉండే నెల్లూరు అమ్మాయి ఒకతె రెండుసార్లు వచ్చి వాయించింది, బాగా కుదిరిందన్నాడు.

"ఆ అమ్మాయితో పేరు సంగతి మాట్లాడారా?"

"ఇంకా లేదు మామా. ముందు పాట కానీ."

పాట కాకముందే మాట్లాడమన్నాను. తలూపి, పెరుగు వేసుకున్నాడు.